పేరు మారిన పిట్ట, మారని రామ

గత సంచికలో ప్రాణహిత ఒడ్డున చలికాలంలో కనిపించే పిట్టల గురించి రాస్తూ సైక్స్ వార్బ్లర్ అనే చిన్న పిట్టను ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. దాని శాస్త్రీయ నామం ఇడూనా రామా అని కూడా అక్కడే రాశాను. గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యం మీదనే వచ్చాయి. అన్నీ పేరు చుట్టూ తిరిగే ప్రశ్నలే కనుక ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న పాత పక్షుల పుస్తకంలో ఈ పిట్ట పేరు హిప్పోలాయిస్ కాలిగాటా రామా అని మూడు మాటలుగా ఉంది. నా మనవడు కొనుక్కున్న పుస్తకంలో హిప్పోలాయిస్ రామా అని ఉంది. మీరు ఇడూనా రామా అని రాశారు. శాస్త్రీయ నామం ప్రపంచమంతటా ఒక్కటే ఉంటుందని ముప్పై ఏళ్లకు పైగా తరగతిలో చెప్పాను. ఇందులో ఏది సరైనది? ఆ రామ మన రాముడేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, సిరొంచ

జవాబు: మాస్టారూ, చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్తాను. అవును, ఆ రామ మన రాముడే. మొదటి ప్రశ్నకు జవాబు: నేడు వాడవలసిన పేరు ఇడూనా రామా. మిగిలిన రెండు పేర్లను అచ్చుతప్పులని అనుకోకండి. ఆ పుస్తకాలు వచ్చిన నాటికి పక్షి శాస్త్రజ్ఞులు ఒప్పుకున్న పేర్లు అవే. మీరు తరగతిలో చెప్పిన మాట కూడా నిలుస్తుంది. ఎలా నిలుస్తుందో చెప్పడానికి ఈ పిట్ట కథ మొదటి నుంచీ చెప్పాలి.

సైక్స్ వార్బ్లర్ పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. బరువు పది రూపాయల నాణెం కంటే ఏ ఒకటి రెండు గ్రాములో అటూ ఇటూ ఉంటుంది. వీపు బూడిద కలిసిన లేత గోధుమ రంగు, పొట్ట మురికి తెలుపు, కంటి మీద లేత గీత. ఇంతకు మించి ఒంటి మీద గుర్తుపట్టే రంగేమీ లేదు. ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, కజకిస్తాన్ వైపు వేసవిలో గూడు కట్టి, పిల్లలను పెంచి, చలికాలం గడపడానికి భారతదేశానికి వస్తుంది. మన దక్కన్‌లో తుమ్మ చెట్లూ ముళ్ల పొదలూ దానికి ఇష్టమైన చోట్లు. ‘చెక్’ ‘చెక్’ అని నాలుక తాటించినట్లు పలుకుతూ ఆకుల మధ్య పురుగులను ఏరుకుంటుంది.

దీనిని శాస్త్రానికి మొదట పరిచయం చేసినవాడు విలియం హెన్రీ సైక్స్. 1790లో పుట్టి 1872లో మరణించిన ఈయన ఈస్టిండియా కంపెనీ బొంబాయి సైన్యంలో అధికారి. బొంబాయి ప్రభుత్వం కోసం దక్కన్ ప్రాంతపు జనాభా, పంటలు, ధరలు, వాతావరణం వంటి వివరాలు సేకరించే ఉద్యోగం చేస్తూ, ఆ తిరుగుడులోనే పక్షులను, జంతువులను, చేపలను కూడా సేకరించాడు. స్వదేశం చేరిన తరువాత దక్కన్ పక్షుల జాబితాను లండన్ జంతుశాస్త్ర సంఘానికి సమర్పించాడు. 1832లో ఆ సంఘపు కార్యకలాపాల సంపుటిలో అచ్చయిన ఆ జాబితాలో ఈ పిట్ట సిల్వియా రామా అనే పేరుతో కనిపిస్తుంది. అదే జాబితాలో ఒక భరత పక్షికి దేవా అనే పేరు పెట్టాడు. దానిని నేడు గలెరిడా దేవా అంటారు. మహారాష్ట్ర పీఠభూమి మీద దొరికిన పక్షులకు ఈ నేల మాటలనే పేర్లుగా పెట్టడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

అంటే మీకు తెలిసిన మూడు పేర్లకు ముందు నాలుగో పేరు కూడా ఉంది: సిల్వియా రామా, హిప్పోలాయిస్ కాలిగాటా రామా, హిప్పోలాయిస్ రామా, ఇడూనా రామా. నాలుగింటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. ముందు మాటలు మారాయి. రామా అన్నది మాత్రం 1832 నుంచి ఒక్క అక్షరం కూడా మారలేదు.

దీనిని మీ ఊరి సంగతితో పోల్చి చెప్తే సులువుగా తెలుస్తుంది. సిరొంచ ప్రాణహిత ఒడ్డున ఎక్కడ ఉందో అక్కడే ఉంది. 1982 ఆగస్టుకు ముందు ఉత్తరం మీద చంద్రపూర్ జిల్లా అని రాసేవారు, ఆ తరువాత గడ్చిరోలి జిల్లా అని రాస్తున్నారు. కిన్వట్ వారికైతే 1956కు ముందు ఆదిలాబాద్ జిల్లా, ఆ తరువాత నాందేడ్ జిల్లా, పైగా రాష్ట్రం కూడా వేరు. చిరునామా మారిందని ఊరు మారిందని ఎవరూ అనరు. శాస్త్రీయ నామంలో రెండో మాట ఊరి పేరు లాంటిది, మొదటి మాట జిల్లా పేరు లాంటిది. రెండో మాటను ఒకసారి సక్రమంగా ప్రకటిస్తే అది ఆ జాతితో ఉండిపోతుంది. మొదటి మాట ప్రజాతి పేరు. ఈ జాతికి దగ్గరి చుట్టాలు ఎవరో అది చెప్తుంది. చుట్టరికం గురించి మన జ్ఞానం పెరిగితే ఆ మాట మారుతుంది.

ఈ పోలికను ఒక హద్దు దాటి లాగకూడదు. జిల్లాలను పాలన సౌకర్యం కోసం మారుస్తారు. ప్రజాతులను ఎవరి సౌకర్యం కోసమూ మార్చరు. పూర్వీకుల వంశక్రమం గురించి సాక్ష్యం దొరికితేనే మారుస్తారు. పేరు పెట్టడం వేరు, వర్గీకరణ చేయడం వేరు అని మీ విద్యార్థులకు చెప్పగలిగితే ఈ గందరగోళంలో ముప్పాతిక భాగం తీరిపోతుంది. పేరు పెట్టడానికి నియమావళి ఉంది, అందులో వాదనకు చోటు తక్కువ. వర్గీకరణ మాత్రం పండితుల నిర్ణయం, సాక్ష్యం మారితే నిర్ణయమూ మారుతుంది.

ఇక మీ రెండు పుస్తకాలకూ నా శీర్షికకూ మధ్య జరిగినది చూద్దాం. పాత పుస్తకంలో మూడు మాటలు ఉండడానికి కారణం, 20వ శతాబ్దంలో చాలాకాలం ఈ పిట్టను స్వతంత్ర జాతిగా కాక, బూటెడ్ వార్బ్లర్ అనే మరో పిట్టకు ఉపజాతిగా లెక్కించడమే. బూటెడ్ వార్బ్లర్‌కు 1823లోనే లిక్టెన్‌స్టయిన్ అనే శాస్త్రజ్ఞుడు కాలిగాటా అనే పేరు పెట్టాడు. లాటిన్‌లో కాలిగా అంటే రోమన్ సైనికుడు తొడిగే బూటు, కాలిగాటా అంటే బూటు తొడిగినది. రెండు పేర్లలో ముందు ప్రకటించిన పేరుకే ప్రాధాన్యం అన్నది నియమం కాబట్టి, రెండింటినీ ఒకే జాతిగా కలిపినప్పుడు 1823 నాటి కాలిగాటా జాతి పేరుగా నిలిచింది, 1832 నాటి రామా ఉపజాతి పేరుగా మూడో స్థానానికి జరిగింది. కలిపేసినా పేరును పారవేయలేదని గమనించండి.

ఆ తరువాత పరిశీలకులు రెండింటినీ గూళ్లు కట్టే చోట్ల నిశితంగా చూశారు. బూటెడ్ వార్బ్లర్ పొట్టి ముక్కుతో, నేలకు దగ్గరగా ఉండే పొదల్లో తిరుగుతుంది. సైక్స్ వార్బ్లర్ ముక్కు, తోక దాని కంటే పొడుగు, చెట్ల కొమ్మల్లోకి కూడా ఎక్కి మేత వెతుకుతుంది. పాటలు వేరు. మధ్య ఆసియాలో రెండింటి నివాసాలు ఒకదానికొకటి తగిలే చోట కూడా ఇది అదిగా, అది ఇదిగా కలిసిపోవడం లేదు. ఈ కారణాల మీద 2000 తరువాతి తొలి సంవత్సరాలలో రెండింటినీ వేరు జాతులుగా అంగీకరించారు. మూడో స్థానంలో ఎదురుచూస్తున్న రామా మళ్లీ రెండో స్థానానికి వచ్చింది. మీ మనవడి పుస్తకం ఆ రోజులది.

2009లో ఈ కుటుంబానికి చెందిన అనేక జాతుల డీఎన్ఏను, ఒక జన్యువుతో సరిపెట్టకుండా పలు జన్యువులను, పోల్చి చూసిన అధ్యయనం వచ్చింది. హిప్పోలాయిస్ అనే ప్రజాతిలో కలిపి ఉంచిన పిట్టలు నిజానికి ఒకే తల్లి సంతానం కావని అందులో తేలింది. సైక్స్, బూటెడ్ వార్బ్లర్లు, మరికొన్ని దగ్గరి చుట్టాలు ఒక కొమ్మగా విడిపోయాయి. ఆ కొమ్మకు పేరు కావాలి. కొత్త పేరు కల్పించనవసరం లేకపోయింది. 19వ శతాబ్దంలో కైజర్‌లింగ్, బ్లాసియస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పెట్టిన ఇడూనా అనే పాత పేరు అందుబాటులో ఉంది. ఇడూనా ఉత్తర ఐరోపా పురాణాలలో ఒక దేవత. దేవతలకు యౌవనం ఇచ్చే పండ్లు ఆమె దగ్గర ఉంటాయట. ఆ విధంగా ఉత్తర దేశపు దేవత పేరూ మన అయోధ్య రాముడి పేరూ ఒక పది గ్రాముల పిట్టలో కలిశాయి. ఎవరూ కావాలని కూర్చినది కాదు, ప్రాధాన్య నియమాన్ని వరుసగా పాటిస్తూ వస్తే దానంతట అది కుదిరింది.

కుటుంబం పేరు కూడా మారిందని చెప్పి ఈ జవాబు ముగిస్తాను. పాత పుస్తకాల్లో వార్బ్లర్లన్నీ సిల్వియిడే అనే ఒక పెద్ద కుటుంబంలో ఉండేవి. చిన్నగా, సన్నని ముక్కుతో, పురుగులు తింటూ, పెద్దగా రంగులు లేని పిట్ట కనబడితే అందులో వేయడం అలవాటయింది. 2006లో స్వీడన్‌కు చెందిన పేర్ ఆల్‌స్ట్రోమ్, ఆయన సహచరులు డీఎన్ఏ ఆధారంగా ఆ పెద్ద కుటుంబాన్ని పలు కుటుంబాలుగా విడదీయాలని చూపారు. ఇడూనా రామా నేడు రెల్లు వార్బ్లర్లతో పాటు ఆక్రోసెఫాలిడే కుటుంబంలో ఉంది.

ప్రశ్న: పేరు తరువాత సైక్స్, 1832 అని కొన్ని చోట్ల కుండలీకరణాలలో, కొన్ని చోట్ల కుండలీకరణాలు లేకుండా రాస్తారు. ఇది రాసేవారి ఇష్టమా, లేక దీనికి అర్థం ఉందా?
— కాగితం మిల్లు ఉద్యోగి, బల్లార్‌పూర్

జవాబు: దీనికి కచ్చితమైన అర్థం ఉంది. మంచి పుస్తకం ఏదో గుర్తించడానికి నేను మొదట చూసే చోటు ఇదే.

పేరు తరువాత వచ్చే వ్యక్తి పేరు, సంవత్సరం ఆ జాతిని మొదట వర్ణించి ప్రకటించిన వారివి. ఆయన పెట్టిన ప్రజాతిలోనే ఆ జాతి నేటికీ ఉంటే కుండలీకరణాలు ఉండవు. తరువాతి వారు వేరే ప్రజాతికి మారిస్తే కుండలీకరణాలు పెడతారు. సైక్స్ 1832 జాబితాలోనే ఇందుకు రెండు రకాల ఉదాహరణలూ ఉన్నాయి. మీ కాలనీ పెరళ్లలో, కంచె పొదల్లో తోక నిలబెట్టి తిరిగే బూడిద రంగు పిట్ట ఉంటుంది, మరాఠీవారు రాఖీ వట్వట్యా అంటారు. అది ప్రినియా సోషియాలిస్ సైక్స్, 1832. ఆయన పెట్టింది ప్రినియా ప్రజాతిలోనే, నేటికీ అక్కడే ఉంది, కనుక కుండలీకరణాలు లేవు. సిల్వియాలో మొదలై ఇడూనాకు చేరిన మన పిట్ట మాత్రం ఇడూనా రామా (సైక్స్, 1832). చెరువు గట్టున కదలక మెదలక నిలబడే గుడ్డికొంగ కూడా ఆయన పేరు పెట్టినదే. ఇది ఆర్డియోలా గ్రేయీ (సైక్స్, 1832) అయింది, అంటే ఈ కొంగకూ ప్రజాతి మారింది.

తెలుగువారికి బాగా తెలిసిన మరో ఉదాహరణ కడప అడవుల కలివికోడి. దాని పేరు రైనోప్టిలస్ బైటార్క్వేటస్ (బ్లైత్, 1848). కుండలీకరణాలు చూడగానే, కలకత్తాలో పనిచేసిన పక్షి శాస్త్రజ్ఞుడు బ్లైత్ దానిని మొదట వేరే ప్రజాతిలో పెట్టాడని పుస్తకం తెరవకుండానే చెప్పవచ్చు. అదే బ్లైత్ 1849లో వర్ణించిన బ్లైత్ రెల్లు వార్బ్లర్, చలికాలమంతా మన తోటల్లో వినిపించేది, ఆక్రోసెఫాలస్ డ్యుమెటోరమ్ బ్లైత్, 1849. ఇక్కడ కుండలీకరణాలు లేవు.

రాసేటప్పుడు కుండలీకరణాలను వదిలేయడం చిన్న విషయమని కొందరు అనుకుంటారు. నేను అలా అనుకోను. ఆ రెండు గీతలలో ఒక జాతి ప్రయాణం ఉంటుంది.

ప్రశ్న: మా బడి వెనుక ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీ పిట్ట ఉంది. మరాఠీలో శింపీ అంటారని టీచర్ చెప్పారు. అది కూడా వార్బ్లర్ అని ఒక పుస్తకంలో ఉంది. అయితే అది ఇడూనా రామాకు చుట్టమేనా? (ఈ ఉత్తరం మా తాతగారు తెలుగులో రాసిపెట్టారు.)
— ఎనిమిదో తరగతి విద్యార్థిని, అహేరి

జవాబు: అమ్మా, నీ ప్రశ్న చాలా మంచిది. తాతగారికి నా నమస్కారాలు చెప్పు.

దర్జీ పిట్ట దూరపు చుట్టమే తప్ప దగ్గరి చుట్టం కాదు. వార్బ్లర్ అన్నది ఇంగ్లీషువారు చిన్న పాటల పిట్టలకు పెట్టుకున్న వాడుక మాట. మనం ఏ చిన్న పక్షినైనా పిట్ట అన్నట్లే. ఆ మాటను బట్టి వంశం తెలియదు. దర్జీ పిట్ట, ఇందాక చెప్పిన రాఖీ వట్వట్యా సిస్టికోలిడే అనే కుటుంబానికి చెందుతాయి. చలికాలంలో మీ ఊరి పెద్ద చెట్ల పైకొమ్మల్లో ఆకు రంగులో కలిసిపోయి తిరిగే ఆకు వార్బ్లర్లు ఫిల్లోస్కోపిడే కుటుంబం. ఇడూనా రామా ఆక్రోసెఫాలిడే. పాతకాలంలో ఈ మూడింటినీ ఒకే ఇంట్లో పెట్టారు. ఒకే రకం తిండి, ఒకే రకం చోటు ఉన్నప్పుడు వేరు వేరు వంశాల పిట్టలు కూడా కాలక్రమంలో ఒకే పోలికకు రావడం సహజం. పోలికను చూసి చుట్టరికం కట్టడంలో పెద్దలు కూడా పొరబడ్డారు కాబట్టి నువ్వు పొరబడితే తప్పేమీ లేదు.

దర్జీ పిట్ట పేరులో నీకు నచ్చే సంగతి ఒకటి ఉంది. 1769లో పెన్నాంట్ అనే శాస్త్రజ్ఞుడు దానికి మోటాసిల్లా సుటోరియా అని పేరు పెట్టాడు. నేటి పేరు ఆర్థోటోమస్ సుటోరియస్. సుటోర్ అంటే లాటిన్‌లో కుట్టేవాడు, ముఖ్యంగా చెప్పులు కుట్టేవాడు. మనకూ మరాఠీవారికీ అది బట్టలు కుట్టే దర్జీ, లాటిన్‌లో మాత్రం తోలు కుట్టేవాడి పేరు వచ్చింది. సుటోరియా చివర సుటోరియస్‌గా ఎందుకు మారిందంటే, లాటిన్‌లో మోటాసిల్లా స్త్రీలింగం, ఆర్థోటోమస్ పుంలింగం. విశేషణం లింగాన్ని బట్టి మారాలి. నీకు మరాఠీ వచ్చు కనుక ‘కాళా ఘోడా’, ‘కాళీ గాయ్’ అన్నప్పుడు కాళా కాళీగా మారడం తెలిసే ఉంటుంది, అటువంటిదే ఇది. రామా మాత్రం విశేషణం కాదు, ఒకరి పేరు. అందుకే ప్రజాతి ఎన్నిసార్లు మారినా రామా రామాగానే ఉంది.

ప్రశ్న: ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒకరికొకరు తెలియకుండా రెండు వేరు పక్షులకు ఒకే పేరు పెడితే ఏం చేస్తారు? అటువంటిది ఎప్పుడైనా జరిగిందా?
— పుస్తకాల దుకాణం యజమాని, కిన్వట్

జవాబు: జరిగింది, అదీ వార్బ్లర్ల విషయంలోనే. వార్బ్లర్ల కథల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే కనుక కొంచెం వివరంగా చెప్తాను.

1867 నవంబరులో ఏ. ఓ. హ్యూమ్, తరువాత కాంగ్రెస్ స్థాపకులలో ఒకరైన ఆయనే, నేటి హిమాచల్ ప్రదేశ్‌లో సట్లెజ్ లోయలోని రాంపూర్ దగ్గర ఒక చిన్న పిట్టను సేకరించాడు. చూడడానికి రెల్లు వార్బ్లర్‌లా ఉంది, ముక్కు మాత్రం పెద్దది. 1869లో దానిని కొత్త జాతిగా ప్రకటించి పెద్ద ముక్కు అని అర్థం వచ్చే మాక్రోరింకా అనే పేరు ఇచ్చాడు. తరువాత దానిని ఆక్రోసెఫాలస్ ప్రజాతిలోకి చేర్చారు. చేర్చాక చూస్తే, ఆ ప్రజాతిలో అదే పేరు అంతకుముందే మరో పక్షికి పెట్టి ఉంది. ఒకే ప్రజాతిలో ఒకే పేరు ఇద్దరికి ఉండకూడదు, తరువాత వచ్చినదే తప్పుకోవాలి. కాబట్టి 1905లో అమెరికా పక్షి శాస్త్రజ్ఞుడు ఓబర్‌హోల్సర్ దానికి ఓరైనస్ అనే కొత్త పేరు పెట్టాడు. కొండలకు చెందినది అని అర్థం. మీ ప్రశ్నకు సూటి జవాబు ఇంతే.

కానీ ఆ పిట్ట కథ ఇక్కడితో ఆగలేదు. వంద సంవత్సరాలకు పైగా ప్రపంచం మొత్తంలో ఆ జాతికి ఉన్న ఆధారం హ్యూమ్ పట్టిన ఆ ఒక్క నమూనా మాత్రమే. అది ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో ప్రకృతి చరిత్ర మ్యూజియం సొరుగులో ఉంది. ఒక్క పిట్టను చూసి జాతి అనడమేమిటి, ఏదో వింత రూపంలో పుట్టిన మామూలు పిట్ట అయి ఉంటుందని చాలామంది అన్నారు. 2002లో ఆ నమూనా ఈక నుంచి తీసిన డీఎన్ఏను ఇతర రెల్లు వార్బ్లర్లతో పోల్చారు. అది ప్రత్యేక జాతి అని తేలింది. 2006 మార్చిలో థాయిలాండ్‌లో వలలో పడిన ఒక పిట్ట ముక్కు అసాధారణంగా ఉందని గమనించిన పక్షి పరిశీలకుడు దాని ఈకలు తీసి పంపాడు. డీఎన్ఏ సరిపోయింది. హ్యూమ్ పట్టిన 139 సంవత్సరాలకు ఓరైనస్ మళ్లీ మనిషి చేతిలోకి వచ్చింది. మ్యూజియం సొరుగుల్లో బ్లైత్ రెల్లు వార్బ్లర్ అని తప్పు చీటీ కట్టి ఉన్న మరికొన్ని నమూనాలు కూడా ఆ తరువాత బయటపడ్డాయి. అది గూడు కట్టే చోటు ఈశాన్య ఆఫ్ఘనిస్తాన్ లోయల్లో దొరికింది.

పేరు దేనికి కట్టుబడి ఉంటుందో ఈ కథ చూపుతుంది. వర్ణనలో మాటలు అస్పష్టంగా ఉండవచ్చు, బొమ్మ సరిగా రాకపోవచ్చు. పేరు అంటుకుని ఉండేది ఆ మొదటి నమూనాకు. శాస్త్రంలో దానిని టైప్ నమూనా అంటారు. పొలంలో హద్దురాయి లాంటిది. వివాదం వచ్చినప్పుడల్లా అందరూ అక్కడికే రావాలి. హ్యూమ్ ఆ పిట్ట చర్మాన్ని జాగ్రత్త చేసి ఉండకపోతే 2002లో ఆ వివాదం తీరే మార్గమే లేదు.

ప్రశ్న: తెలుగు మాటనో గోండీ మాటనో శాస్త్రీయ నామంగా పెట్టవచ్చా, లేక లాటిన్, గ్రీకు మాటలే కావాలా?
— రాజురా నుంచి

జవాబు: పెట్టవచ్చు. లాటిన్ లిపిలో రాయాలి, రెండు మాటలుగా ఉండాలి, వర్ణనతో పాటు సక్రమంగా ప్రకటించాలి. ఏ భాష మాటైనా పరవాలేదు. ప్రినియా అన్న మాట జావా ద్వీపవాసులు తమ పిట్టను పిలిచే పేరు నుంచి వచ్చింది. రామా, దేవా మన ముందే ఉన్నాయి. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ప్రకటించిన సిస్టెమా నాచురే అనే గ్రంథం పదో కూర్పును జంతువుల పేర్లన్నిటికీ ప్రారంభంగా తీసుకున్నారు. నేడు అమలులో ఉన్నది 2000 జనవరి 1 నుంచి వచ్చిన అంతర్జాతీయ నియమావళి నాలుగో కూర్పు. అయితే ఇప్పటికే పేరు ఉన్న జాతికి మనకు నచ్చిన మాట కొత్తగా పెట్టడానికి వీలు లేదు. మన ఊరి పేర్లను మన పుస్తకాలలో శాస్త్రీయ నామం పక్కనే అచ్చు వేయడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు, ఆ పని మనం చాలా తక్కువగా చేస్తున్నాం.

ప్రశ్న: వార్ధా నది ఒడ్డున తుమ్మ చెట్టు మీద తీసిన ఫొటో పంపుతున్నాను. ఇది సైక్స్ వార్బ్లరా, బూటెడ్ వార్బ్లరా? నా జాబితాలో ఏ పేరు రాసుకోవాలి?
— పక్షుల ఫొటోలు తీసే యువకుడు, రాజురా తాలూకా

జవాబు: మీ ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాను. పిట్ట ఎడమ వైపు తిరిగి, ముళ్ల మధ్య ఒక కాలు పైకీ ఒక కాలు కిందికీ పెట్టి వంగి ఉంది. వీపు రంగు బూడిద వైపు ఉంది. కంటి మీది గీత కన్ను దాటగానే మాసిపోయింది, బూటెడ్‌లో అయితే కన్ను దాటి కొంత వెనక్కి సాగుతుంది, దాని పైఅంచున నల్లని ఛాయ కూడా ఉంటుంది. ముక్కు పొడుగ్గానే ఉంది, కింది సగం లేత రంగు. బూటెడ్ ముక్కు పొట్టిది, కింది సగం కొన నల్లబడి ఉంటుంది. ఇంతవరకు అన్నీ సైక్స్ వార్బ్లర్ వైపే మొగ్గుతున్నాయి.

అయితే ఎదురుగా ఉన్న కొమ్మ తోకను దాదాపు మొత్తం కప్పేసింది. ఈ రెండింటిలో తోక పొడుగు ముఖ్యమైన గుర్తు. పైగా ఉదయపు ఎండలో రంగు మోసం చేస్తుంది, ముక్కు కోణం మారితే పొడుగు మారినట్లు కనిపిస్తుంది. గత ఏడాది చలికాలంలో నేను ప్రాణహిత ఒడ్డున ఇటువంటి పిట్టనే ఇరవై నిమిషాలు చూసి సైక్స్ అని రాసుకున్నాను. అది నేల మీది గడ్డిలోకి దిగి అక్కడే మేత ఏరుకోవడం, పొట్టి తోక స్పష్టంగా కనిపించడం చూశాక కొట్టివేసి బూటెడ్ అని సరిదిద్దుకున్నాను.

ఇటువంటప్పుడు ప్రజాతి పేరు ఎంత ఉపయోగకరమో చూడండి. రెండూ ఇడూనాయే. ఈ ఫొటోతో మీరు నిస్సందేహంగా రాసుకోగలిగినది ఇడూనా అనే ఒక్క మాట. దాని పక్కన తేదీ, చెట్టు, నేలకు ఎంత ఎత్తులో ఉందో రాసి, జాతి స్థానం ఖాళీగా వదలండి. అవి చలికాలమంతా ఒకే పొదల చుట్టూ తిరిగే అలవాటున్న పిట్టలు కాబట్టి అదే తుమ్మ దగ్గర మళ్లీ దొరకవచ్చు. ఈసారి తోక చివర వరకు, వీలైతే తోక కింది ఈకలు ఎంతవరకు వచ్చాయో కూడా కనిపించేలా పక్క నుంచి ఫొటో తీసి పంపండి. ఆ ఫొటో వస్తే ఖాళీ స్థానంలో రామా అని రాయాలో కాలిగాటా అని రాయాలో వచ్చే సంచికలో చెప్తాను.